కౌలేయకం: ఒక ఒడికుక్క వంశచరిత్ర

సంస్కృతంలో కుక్కకు పేర్లు చాలా ఉన్నాయి. మొరుగుతుంది కనుక భషకం. లేళ్ళను కరచి పట్టుకొంటుంది కనుక మృగదంశకం. దేవలోకపు శునకి సరమ సంతతి కనుక సారమేయం. వీటన్నిటికంటె నాకు ప్రీతి అయిన మాట కౌలేయకం. పాణిని మహర్షి కుల, కుక్షి, గ్రీవా అనే మూడు శబ్దాలకు ఒకే ప్రత్యయాన్ని విధించి, వరుసగా కుక్క, కత్తి, నగ అనే అర్థాలలో కౌలేయకం, కౌక్షేయకం, గ్రైవేయకం అనే రూపాలు సాధించాడు. కులమంటే ఇల్లు అనీ, వంశమనీ రెండర్థాలు ఉన్నాయి కదా. కాబట్టి కౌలేయకం ఇంట పుట్టిన కుక్క కావచ్చు, వంశం గల కుక్కా కావచ్చు.

ఈ రెండర్థాలూ ఒకే జంతువులో కలిసిపోయి, ఆ తరువాత ఒకదానితో ఒకటి తగవుపడిన కథ ఒకటి ఇంగ్లండు చరిత్రలో ఉన్నది. ఈ టపాలో దానిని చెప్పదలచుకొన్నాను. ఆ కుక్క పేరు కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్. బరువు ఐదున్నర నుండి ఎనిమిది కిలోలు. వ్రేలాడే చెవులు, పట్టువంటి బొచ్చు, పెద్ద కళ్ళు. పేరులో 'కావలి' వినబడుతున్నదని మన వాళ్ళు భ్రమపడరాదు. ఇది కావలి కాసే కుక్క కాదు, దొంగ వచ్చినా తోక ఆడిస్తుంది. ఇంగ్లండు అంతర్యుద్ధంలో రాజు పక్షాన నిలిచిన వారిని కావలియర్లు అనేవారు, ఆ పేరే దీనికి వచ్చింది. కుక్కల ప్రదర్శనలలో ఇటువంటి చిన్న కుక్కలను 'టాయ్' వర్గంలో చేరుస్తారు. టాయ్ అంటే ఆటబొమ్మ. పేరు పెట్టిన వారి మనసు ఆ మాటలోనే తెలిసిపోతున్నది.

ఈ ఒడికుక్కల పూర్వచరిత్ర పెద్దది, త్వరగా చెప్పి ముందుకు పోతాను. జాన్ కేయస్ అనే వైద్యుడు 1570లో ఇంగ్లండు కుక్కల గురించి లాటిన్ భాషలో ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. అందులో ఇంటి ఆడవారు ఒడిలో పెట్టుకొనే చిన్న స్పానియల్ ప్రస్తావన ఉన్నది. దానిని పొట్టకు హత్తుకొని ఉంచితే కడుపునొప్పి తగ్గుతుందని నాటి నమ్మకం. 1587 ఫిబ్రవరిలో స్కాట్లండు రాణి మేరీకి శిరచ్ఛేదం జరిగిన తరువాత ఆమె వస్త్రాల మడతలలో ఒక చిన్న కుక్క దొరికిందని చూచిన వారు వ్రాసిపెట్టారు. ఆమె మునిమనుమడు రెండవ చార్లెస్ 1660 నుండి 1685 వరకు రాజ్యం చేశాడు. రాజు సభలో కూర్చొని పని మానుకొని కుక్కతో ఆడుకొంటున్నాడని పీప్స్ తన దినచర్యలో విసుక్కొన్నాడు. ఆ కుక్కలు రాజుగారి పడకగదిలోనే పిల్లలు పెట్టేవనీ, ఆస్థానమంతా కంపు కొట్టేదనీ ఎవెలిన్ వ్రాశాడు. కింగ్ చార్లెస్ అన్న పేరు ఆ రాజుదే. నాటి చిత్రకారులు గీసిన రాజకుటుంబాల చిత్తరువులలో ఈ కుక్కలు కనబడతాయి. వాటి మూతి కొంచెం పొడవుగా ఉంటుంది, తల చదునుగా ఉంటుంది. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, కథంతా దీనిమీదనే నడుస్తుంది.

విక్టోరియా రాణికి బాల్యంలో డాష్ అనే మూడు రంగుల స్పానియల్ ఉండేది. 1838 జూన్ 28న పట్టాభిషేకం ముగించుకొని ఇంటికి వచ్చి ఆమె ఆ కుక్కకు స్నానం చేయించింది. ఈ ముచ్చట ఆమె జీవితచరిత్రలు వ్రాసిన వారందరూ చెప్పేదే. ఆమె ఏలుబడిలోనే కుక్కల పెంపకం స్వభావం మారిపోయింది. 1859 జూన్ నెలలో న్యూకాసిల్ నగరంలో మొదటి కుక్కల ప్రదర్శన జరిగింది, అందులో పాల్గొన్నవి వేటకుక్కలే. 1873లో కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. 1891లో చార్లెస్ క్రఫ్ట్ అనే వ్యాపారి తన పేరు మీద పెద్ద ప్రదర్శన ప్రారంభించాడు. ఈయన అంతకుముందు కుక్కల బిస్కెట్ల కంపెనీలో ఉద్యోగి. బిస్కెట్లు అమ్మిన మనిషికి కుక్కల యజమానుల మనసు తెలియడంలో ఆశ్చర్యం లేదు.

ప్రదర్శన అంటే ఏమిటో ఇక్కడ కొంచెం వివరించాలి. ప్రతి జాతికీ ఒక ప్రమాణం వ్రాసి పెడతారు. తల ఇట్లా ఉండాలి, చెవి ఇక్కడ మొదలు కావాలి, తోక ఇట్లా పట్టాలి అని. న్యాయనిర్ణేత తన ముందున్న కుక్కలను ఒకదానితో ఒకటి పోల్చడు, ప్రతిదానినీ ఆ వ్రాతతో పోలుస్తాడు. సిద్ధాంతం ఇంతవరకు బాగానే ఉన్నది. వ్రాతలో మూతి పొట్టిగా ఉండాలి అని ఉంటే, వరుసలో నిలబడిన పది పొట్టిమూతులలో కంటికి ఆనేది అన్నిటికంటె పొట్టిది. దానికి బహుమతి వస్తుంది. బహుమతి వచ్చిన మగకుక్కతో జత కట్టించడానికి అందరూ తమ ఆడకుక్కలను తీసుకొనివస్తారు. పదేళ్ళు తిరిగేసరికి నిన్నటి పొట్టిమూతి నేటి పొడవుమూతి అవుతుంది. ఇందులో కుట్ర ఏమీ లేదు, దురుద్దేశమూ లేదు. కింగ్ చార్లెస్ స్పానియల్‌కు జరిగింది ఇదే. పగ్ వంటి జాతుల రక్తం కలిసిందని కూడా చాలామంది భావిస్తారు. ఇరవయ్యవ శతాబ్దం వచ్చేసరికి ఆ కుక్క తల గుండ్రటి గోపురమై, మూతి లోపలికి పోయి, ముక్కు కళ్ళ నడుమకు చేరింది. చిత్తరువులలో ఉన్న కుక్క చిత్తరువులలోనే మిగిలిపోయింది.

ఇక అసలు కథ. 1926లో రాస్వెల్ ఎల్డ్రిడ్జ్ అనే అమెరికా పెద్దమనిషి ఇంగ్లండు వచ్చాడు. పాత చిత్రాలలో చూచిన పొడవుమూతి స్పానియల్ కొనుక్కొని పోదామని ఆయన కోరిక. దేశమంతా వెదికినా పొట్టిమూతులే కనబడ్డాయి. అప్పుడాయన ఊరకే నిట్టూర్చి ఓడ ఎక్కకుండా ఒక పని చేశాడు. క్రఫ్ట్స్ ప్రదర్శనలో పాతకాలపు బ్లెన్హైమ్ స్పానియల్ అనే విభాగం ఒకటి పెట్టించి, ఉత్తమమైన మగకుక్కకు 25 పౌనులు, ఆడకుక్కకు 25 పౌనులు బహుమతి ప్రకటించాడు. బ్లెన్హైమ్ అంటే తెలుపు మీద ఎర్రని మచ్చలు గల రంగు. ముఖం పొడవుగా, తల చదునుగా, నడినెత్తిన ఒక మచ్చతో, రెండవ చార్లెస్ కాలపు చిత్రాలలో ఉన్నట్లుగా ఉండాలని షరతు. ఐదేళ్ళపాటు ఈ బహుమతి నడిచింది. 25 పౌనులంటే నాటి మారకం ప్రకారం మన దేశంలో సుమారు 333 రూపాయలు. ధనవంతులను ఊరించే మొత్తం కాదు, మధ్యతరగతి ఇల్లాలికి మాత్రం ఆలోచింపజేసే మొత్తం.

పెంపకందారులలో చాలామంది నవ్వుకొన్నారు. పొట్టిమూతి కోసం కొన్ని తరాలు శ్రమించిన వారికి పొడవుమూతి అంటే వెలివేసిన సరుకు. అటువంటి పిల్ల పుడితే ఎవరికో ఇచ్చివేసేవారు. మొదటి సంవత్సరం ఆ విభాగానికి వచ్చిన కుక్కలు రెండే. కాని కొందరు స్త్రీలు పట్టు వదలలేదు. పొట్టిమూతి తల్లిదండ్రులకు అప్పుడప్పుడు పాతపోలికతో పుట్టే పిల్లలను ఏరుకొని, వాటిని తమలో తాము జత కట్టిస్తూ వచ్చారు. అడుగున పడిపోయిన తాటాకు ప్రతులను ఏరి పాఠాన్ని పునరుద్ధరించే పరిష్కర్త పని వంటిదే ఇది. తేడా ఒక్కటే. తప్పు పాఠం తీసుకొంటే తాటాకుకు నొప్పి ఉండదు.

1928లో మిస్ మోస్టిన్ వాకర్ అనే ఆమె కుక్క ఆ 25 పౌనులు గెలిచింది. దాని పేరు 'ఆన్స్ సన్', అనగా ఆన్ కొడుకు. సరమ కొడుకు సారమేయం అయినట్లే ఇదీ తల్లిపేరుతో వచ్చిన పేరు! ఎల్డ్రిడ్జ్ దానిని చూడనే లేదు, ఆ ప్రదర్శనకు కొద్దికాలం ముందే ఆయన కన్నుమూశాడు. ఆ ప్రదర్శన రెండవ రోజుననే ఈ కుక్కల అభిమానులు సమావేశమై క్లబ్బు పెట్టుకొన్నారు. కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ అనే పేరు నిర్ణయించారు. జాతి ప్రమాణం వ్రాయడానికి ఆన్స్ సన్‌ను బల్లమీద నిలబెట్టారు. పక్కన పదహారు, పదిహేడు, పద్దెనిమిదవ శతాబ్దాల చిత్రాల నకళ్ళు పెట్టుకొన్నారు. బల్లమీద ప్రాణమున్న కుక్క, పక్కన ప్రాణం లేని బొమ్మలు, ఈ రెండింటినీ చూచి ఒక జాతికి లక్షణగ్రంథం వ్రాశారు. లక్ష్యాన్ని చూచి లక్షణం చెప్పాలని మన ఆలంకారికులు అంటారు, వారు చేసినది అక్షరాలా అదే.

అప్పుడు వారు చేసుకొన్న మరొక నిర్ణయం మెచ్చుకోదగినది. ఈ కుక్కను సహజంగా ఉంచాలి, బొచ్చు కత్తిరించరాదు, ఎవరి అభిరుచికి తగినట్లు వారు దానిని చెక్కరాదు అని. పొట్టిమూతి వ్యామోహం ఏమి చేసిందో కళ్ళారా చూచిన వారు కనుక, తమ కుక్కకు ఆ గతి పట్టరాదని ముందే కట్టుబాటు చేసుకొన్నారు. ఈ మాట తరువాత అవసరమవుతుంది.

ఈ ఉద్యమానికి ప్రాణం ఆమిస్ పిట్. భర్త పేరు హ్యూయిట్ పిట్. ఆమె తన కెన్నెల్‌కు పెట్టుకొన్న పేరు 'ట్టివెహ్'. ఏ భాష అది అని నేను చాలాసేపు తలగోక్కొన్నాను. హ్యూయిట్ అనే పేరు ఆంగ్లాక్షరాలను వెనుకనుండి చదివితే వచ్చేది అదే. మన చిత్రకవులు విలోమంగా చదివే పద్యాలు వ్రాస్తే ఆమె కుక్కల ఇంటిపేరును విలోమం చేసింది. ఈ ఇంటిపేరు సరదాకు పెట్టుకొనేది కాదు. పెంపకందారు ఒక పేరును కెన్నెల్ క్లబ్బులో నమోదు చేసుకొంటే, ఆ ఇంట పుట్టిన ప్రతి పిల్ల పేరుకూ అది ముందు చేరుతుంది. ఆ కుక్క ఎవరికి అమ్ముడుపోయినా పుట్టింటి పేరు మాత్రం పోదు. కౌలేయకం అన్న మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తోచదు.

ఇట్లా ఇంట్లో కుక్కలను పెంచే కుటుంబాల పని ఎట్లా ఉంటుందో చాలామందికి తెలియదు. కుక్కల వ్యాపారం అనగానే మనకు పంజరాల వరుసలు గుర్తుకు వస్తాయి. అటువంటివి ఉన్నాయి, వాటి గురించి మంచిమాట చెప్పలేము. కాని ఈ జాతిని బ్రతికించినవారు ఆ కోవకు చెందరు. వంటగదిలో వెచ్చని మూల ఒక పెట్టె, దానిలో పాత దుప్పటి. చూడికుక్క మోసేది 63 రోజులు. తేదీ లెక్కపెట్టుకొని చివరివారం ఇంటిల్లిపాదీ నిద్రమానుకొంటారు. ఈ చిన్నకుక్కలు ఒక ఈతలో పెట్టే పిల్లలు మూడో నాలుగో. అరచేతిలో ఇమిడే పిల్ల పాలు పట్టలేకపోతే రెండు గంటలకొకసారి లేచి పట్టాలి. పది పదునాలుగు రోజులకు కళ్ళు తెరుస్తాయి. ఎనిమిది వారాలకు పంపవలసినవాటిని కొన్నవారి ఇళ్ళకు పంపుతారు. ఒకటి రెండింటిని తాము ఉంచుకొంటారు. ఏది ఉంచుకోవాలి అన్న నిర్ణయంలోనే పెంపకందారు విద్య అంతా ఉన్నది. ఎనిమిది వారాల పిల్ల తల చూచి రెండేళ్ళ తరువాత ఎట్లా ఉంటుందో ఊహించాలి.

ప్రదర్శనకు తీసుకొనివెళ్ళడం ఇంకొక కథ. తెల్లవారకముందే లేచి, స్నానం చేయించి, చెవులమీది బొచ్చు దువ్వి, కొన్ని వందల మైళ్ళు ప్రయాణం చేసి, బల్లమీద రెండు నిమిషాలు నిలబెట్టాలి. చిన్న కుక్కలను న్యాయనిర్ణేత వంగి చూడలేడు కనుక బల్లమీదనే పరీక్షిస్తాడు. పళ్ళు చూస్తాడు, తల తడుముతాడు, వెన్ను నిమురుతాడు, తరువాత నేలమీద నడిపించి చూస్తాడు. ముగ్గురు వేర్వేరు న్యాయనిర్ణేతల దగ్గర మూడు ఛాలెంజ్ సర్టిఫికెట్లు వస్తే బ్రిటన్‌లో ఆ కుక్క చాంపియన్ అవుతుంది. దీనివలన వచ్చే ధనం ఏమంత లేదు, వచ్చేది పేరు.

1939 సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. బాంబులు పడతాయనీ, తిండి దొరకదనీ భయపడి ఒక్క లండనులోనే మొదటి వారంలో సుమారు 4 లక్షల కుక్కలను, పిల్లులను యజమానులే పశువైద్యుల దగ్గరకు తీసుకొనిపోయి చంపించారని హిల్డా కీన్ అనే చరిత్రకారిణి వ్రాసింది. పెంపకందారుల పరిస్థితి ఇంకా ఘోరం. మనుషులకే రేషను అయిన రోజులలో కుక్కలకు మాంసం ఎక్కడిది? ట్టివెహ్‌లో 60 కుక్కలు ఉండేవి, చివరకు మూడు మిగిలాయి. ఆ మూడింటిని ఎట్లా ఎంచుకొన్నదో, మిగిలిన వాటికి ఎట్లా వీడ్కోలు చెప్పిందో ఊహించడానికి మనసు రాదు. యుద్ధానంతరం నేటి కావలియర్లన్నింటికీ మూలపురుషులుగా ఆరు కుక్కలు మాత్రమే నిలిచాయని ఈ జాతి చరిత్రలు చెబుతాయి.

1945లో కెన్నెల్ క్లబ్ దీనిని వేరే జాతిగా గుర్తించింది. అప్పటివరకు పుస్తకాలలో ఇది కింగ్ చార్లెస్‌లోనే ఒక రకం. మరుసటి సంవత్సరం తొలి ప్రత్యేక ప్రదర్శన జరిగింది. ఈ జాతిలో తొలి చాంపియన్ డేవెల్ రోజర్, దాని యజమానురాలు ఆమిస్ పిట్ కుమార్తె జేన్. తల్లి మొదలుపెట్టిన పని కూతురి చేతిలో ఫలించింది. ఆ మగకుక్క సంతతి బహుమతుల మీద బహుమతులు గెలిచింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ప్రత్యేక జాతిగా గుర్తింపు అంటే పుస్తకం మూసివేయడం. ఇక మీదట తల్లిదండ్రులు ఇద్దరూ ఆ పుస్తకంలో ఉన్నవారే కావాలి, బయటి రక్తం రాదు. ఉన్నవి కొద్ది కుక్కలు, వాటిలో గెలిచేది ఏ ఒకటో రెండో, అందరూ దానివద్దకే వస్తారు. తాతను మనుమరాలికి, అన్నను సవతి చెల్లెలికి జతకట్టించి రూపం స్థిరపరచడం పెంపకందారులలో సాధారణమైన పద్ధతి. మనకు సగోత్రం పనికిరాదు, మేనరికం మాత్రం ముద్దు. తరతరాల మేనరికం మీద వైద్యులు చెప్పే హెచ్చరిక తెలుగువారికి కొత్తది కాదు. దాగి ఉన్న దోషం ఇద్దరిలోనూ ఒకే తాత నుండి వచ్చి ఉంటే, అది బిడ్డలో బయటపడుతుంది. కుక్కలలో ఆ మేనరికం పదింతలు దగ్గరది, పైగా తరం గడవడానికి రెండేళ్ళు చాలు.

అయినా ఈ జాతి వర్ధిల్లింది. 1973లో క్రఫ్ట్స్ ప్రదర్శనలో సర్వోత్తమ శునకంగా అలన్స్‌మియర్ అక్వేరియస్ అనే కావలియర్ గెలిచింది. ఆ తరువాత కోరినవారి సంఖ్య విపరీతంగా పెరిగింది. అమెరికాలో కెంటకీ రాష్ట్రానికి చెందిన శాలీ బ్రౌన్ అనే ఆమె 1954లో ఒక క్లబ్బు పెట్టింది. ఆ క్లబ్బు దశాబ్దాలపాటు ఒక విచిత్రమైన పోరాటం చేసింది. అక్కడి ప్రధాన సంస్థ అమెరికన్ కెన్నెల్ క్లబ్ గుర్తింపు తమకు వద్దు అని! గుర్తింపు వస్తే గిరాకీ పెరుగుతుంది, పెరిగితే పంజరాల వ్యాపారులు దిగుతారు అని వారి భయం. సభ్యులెవరూ పిల్లలను దుకాణాలకు అమ్మరాదని నియమం పెట్టుకొన్నారు. చివరకు కొందరు విడిపోయి వేరే సంఘం పెట్టి 1995లో గుర్తింపు తెచ్చుకొన్నారు. శాలీ బ్రౌన్ పక్షం వారు ఓడిపోయారనే చెప్పాలి, కాని వారి భయంలో తప్పేమీ కనబడదు.

ఇంతవరకు కంటికి కనబడే కథ. చిత్తరువును చూచి కుక్కను తయారుచేయవచ్చునని ఆ 25 పౌనులు నిరూపించాయి. కాని చిత్తరువులో గుండె కనబడదు. కపాలం లోపలి చోటూ కనబడదు.

ముందు గుండె సంగతి. ఎడమ గుండెలో రెండు అరలకు నడుమ తలుపువంటి కవాటం ఒకటి ఉంటుంది. ఈ జాతిలో అది చిన్నవయసులోనే మందమెక్కి, సరిగా మూసుకోక, రక్తం వెనుకకు కారుతుంది. వైద్యుడు గొట్టం పెట్టి వింటే అదనపు శబ్దం వినబడుతుంది. ఇంగ్లీషులో దానిని మర్మర్ అంటారు. ఎండుటాకుల సవ్వడిని సంస్కృతంలో మర్మరమనే అంటాము. రెండూ ధ్వన్యనుకరణలే, ఒకటిగా ఉండడం ముచ్చటగా ఉన్నది గాని వినవలసిన చోటు అది కాదు. ఐదేళ్ళు వచ్చేసరికి సుమారు సగం కావలియర్లలోను, పదేళ్ళకు దాదాపు అన్నింటిలోను ఆ శబ్దం వినబడుతుందని వైద్యుల లెక్క. ఇతర జాతులకు ముసలితనంలో వచ్చేది వీటికి నడివయసులోనే వస్తుంది.

రెండవది ఇంకా దారుణం. తల వెనుకభాగంలో ఎముక లోపల చోటు చాలక, చిన్నమెదడు వెన్నుపూస దారిలోకి ఒత్తుకొనిపోతుంది. మెదడు చుట్టూ ప్రవహించవలసిన ద్రవం దారి తప్పి వెన్నుపాములో బుడగలు కడుతుంది. ఆ కుక్క నడుస్తూ నడుస్తూ ఆగి, మెడ వైపు కాలెత్తి గాలిలోనే గోకుతుంది. కాలు ఒంటికి తాకదు. చాలాకాలం యజమానులు అది ఈ జాతి ముద్దుచేష్ట అనుకొన్నారు. అది నొప్పి. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో, పైకి ఏ లక్షణమూ లేని 555 కావలియర్లకు ఎమ్మారై తీసి చూచారు. ఏడాది వయసు వాటిలో నాలుగవ వంతుకు, ఆరేళ్ళు దాటిన వాటిలో 70 శాతానికి ఆ బుడగలు ఉన్నాయి.

2008 ఆగస్టు 19న బీబీసీ వారు 'పెడిగ్రీ డాగ్స్ ఎక్స్‌పోజ్డ్' అనే చిత్రం ప్రసారం చేశారు. వెన్నుపాము వ్యాధి ఉన్నదని తెలిసిన ఒక కావలియర్ ఆ ముందటి సంవత్సరం ఈ జాతి ప్రదర్శనలో ప్రథమ బహుమతి పొందిందనీ, దానికి సంతానమూ ఉన్నదనీ అందులో బయటపడింది. ఈ సంగతిని కెమెరా ముందు చెప్పినవారిలో ఆ జాతి క్లబ్బు కార్యవర్గ సభ్యురాలు ఒకామె ఉన్నది. ఆమె స్వయంగా పెంపకందారు. క్లబ్బు సభ్యులు ప్రత్యేకంగా సమావేశమై, వోటు వేసి, ఆమెను కార్యవర్గం నుండి తొలగించారు. దీనిని చదివినప్పుడు నాకు 1928 నాటి సమావేశం గుర్తుకు వచ్చింది. ఎవరి అభిరుచికొరకూ ఈ కుక్కను చెక్కరాదని తీర్మానించిన సంఘానికి ఎనభై ఏళ్ళ తరువాత వచ్చిన కోపం కుక్కను నొప్పించిన వారి మీద రాలేదు, నొప్పి ఉన్నదని చెప్పిన ఇంటి మనిషి మీద వచ్చింది. అంతమాత్రాన వోటు వేసిన వారందరూ కఠినాత్ములని నేను అనను. వంటగదిలో రాత్రులు మేలుకొని పెంచిన వారే వారు. తమ ప్రేమను ఎవరో క్రూరత్వమని పిలిచినట్లు వారికి వినబడి ఉంటుంది. కాని వారు చేసినది తప్పు.

ఆ చిత్రం తరువాత బీబీసీ వారు క్రఫ్ట్స్ ప్రసారం మానుకొన్నారు. తల్లీకొడుకులకు, తండ్రీకూతుళ్ళకు, తోబుట్టువులకు పుట్టిన పిల్లలను ఇక నమోదు చేయబోమని 2009లో కెన్నెల్ క్లబ్ ప్రకటించింది. ఆ ప్రకటన వచ్చినప్పుడు బయటివారు ఆశ్చర్యపడినది దానికి కాదు, అంతవరకు నమోదు చేస్తూ వచ్చారా అని!

గుండె విషయంలో మార్గం తెలియక కాదు. 1998లోనే వైద్యులు, పెంపకందారులు కలిసి ఒక నియమం చెప్పారు. రెండున్నరేళ్ళు నిండేవరకు జత కట్టించవద్దు, అప్పటికి గుండె శుభ్రంగా ఉండాలి, దాని తల్లిదండ్రుల గుండెలు ఐదేళ్ళ వయసులో శుభ్రంగా ఉండి ఉండాలి. వినడానికి సులువు. ప్రదర్శనలు ఆడే పెంపకందారు వైపు నుండి చూడండి. అందం ఏడాదిన్నరకే తెలిసిపోతుంది, బహుమతీ అప్పుడే వస్తుంది. ఆ మగకుక్క కోసం అందరూ తలుపు తట్టేదీ అప్పుడే. గుండె సంగతి తెలియాలంటే ఇంకా మూడు నాలుగేళ్ళు పడుతుంది. అప్పటికి దానికి మనుమలు కూడా పుట్టి ఉంటారు. కన్ను ముందు పరుగెత్తుతుంది, గుండె వెనుక నడుస్తుంది. ఇల్లు గడుపుకొంటూ రెండు మూడు ఆడకుక్కలను పెంచే కుటుంబానికి ఒకటి రెండు ఈతలు వదులుకోవడమంటే ఆ వంశాన్నే వదులుకోవడం కావచ్చు.

డెన్మార్కులో దీనిని వ్యక్తుల ఇష్టానికి వదలిపెట్టకుండా, 2002 నుండి గుండె పరీక్షను తప్పనిసరి చేశారు. ఏడాదిన్నర వయసులో ఒకసారి, నాలుగేళ్ళకు మరొకసారి పరీక్ష, అందులో నెగ్గిన వాటికే జత కట్టించే అనుమతి. ఎనిమిది పదేళ్ళ తరువాత లెక్క చూస్తే, తల్లిదండ్రులు ఇద్దరూ ఈ పరీక్ష నెగ్గిన కుక్కలకు కవాటవ్యాధి వచ్చే ప్రమాదం 73 శాతం తగ్గింది. ఆ దేశపు పెంపకందారులు కుక్కలను ప్రేమించడంలో మిగతావారికంటె గొప్పవారని నేననుకోను. అందరికీ ఒకే నియమం కనుక, ఓపిక పట్టినవాడు నష్టపోలేదు.

పక్కనే ఉన్న నార్వేలో కథ న్యాయస్థానానికి ఎక్కింది. జంతుసంరక్షణ సంఘం వారు అక్కడి కెన్నెల్ క్లబ్ మీద, జాతిక్లబ్బుల మీద, కొందరు పెంపకందారుల మీద దావా వేశారు. 2022 జనవరిలో ఆస్లో న్యాయస్థానం కావలియర్లను, ఇంగ్లీషు బుల్‌డాగులను పెంచడం జంతుసంక్షేమ చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. బుల్‌డాగుల విషయం పైకోర్టులో మారింది గాని, కావలియర్ల విషయంలో 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా నిషేధాన్ని ఖాయం చేసింది. కుక్కను ఇంట ఉంచుకోవడం మీద ఆంక్ష లేదు, కావలియర్‌ను కావలియర్‌తో జత కట్టించడం మీదనే. శాస్త్రీయమైన ప్రణాళికతో వేరే జాతి రక్తం కలపడానికి దారి మూసివేయలేదని మొదటి తీర్పులోనే ఉన్నది.

ఈ దారి మీద పెంపకందారులలో చాలామందికి మనసు లేదు. వేరే జాతితో కలిస్తే మొదటి తరం పిల్లల తల ఆన్స్ సన్ తలలాగా ఉండదు, నెత్తిమీది మచ్చ ఉండకపోవచ్చు. ఏ ప్రదర్శనలోనూ వాటికి బహుమతి రాదు, ఏ పుస్తకంలోనూ చోటు దొరకడం సులువు కాదు. కాని 2021లో జన్యుశాస్త్రజ్ఞులు వెలువరించిన అధ్యయనం ప్రకారం ఇతర జాతులతో పోల్చి చూచినప్పుడు కావలియర్ రక్తంలో పేరుకొనిపోయిన హానికర మార్పులు ఎక్కువ. అవి ఈ జాతి అంతటా స్థిరపడి ఉంటే, లోపల ఎంత ఏరినా లేనిది దొరకదు, బయటి నుండి తెచ్చుకోవలసిందే. నా మటుకు నాకు ఆ పుస్తకం తెరవడమే న్యాయంగా తోస్తున్నది. ఆ పని చేయగలిగినవారు కూడా మళ్ళీ ఆ వంటగదుల వారే, పిల్ల పుట్టిన రాత్రి నుండి ముసలిదై పోయేవరకు గుండె చప్పుడు పుస్తకంలో వ్రాసుకొంటూ కూర్చునే ఓపిక మరొకరికి లేదు. 1926లో ఎల్డ్రిడ్జ్ పెట్టించిన విభాగానికి వచ్చిన రెండు కుక్కలు కూడా నాటి ప్రమాణం ప్రకారం జాతికి తగని మూతి గలవే.